కనబడని కాపలా

పిల్లలూ! కరీంనగరులో గాని, ఆదిలాబాదులో గాని రాత్రివేళ స్విచ్చి నొక్కగానే మీ ఇంట్లో దీపం వెలుగుతుంది. ఆ వెలుగుకు కాపలా కాసేవారు కొందరున్నారని మీకు తెలుసా? వారి చేతిలో కర్ర వుండదు, లాంతరూ వుండదు.

రామగుండంలో ఎన్.టి.పి.సి. వారి విద్యుత్కేంద్రం 1983 నుంచీ పనిచేస్తున్నది. అక్కడ బొగ్గు మండించి నీటిని ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి టర్బైనును నిమిషానికి 3,000 సార్లు తిప్పుతుంది. అంత వేగంగా తిరిగే యంత్రానికి వేడి ఎంత, ఒత్తిడి ఎంత అని మనిషి క్షణక్షణం కొలవగలడా? కొలిచే పరికరాలే కంట్రోలు గదిలోని కంప్యూటర్లకు కబురు పంపుతాయి. అక్కణ్ణించి యంత్రాలకు ఆజ్ఞలు వెళతాయి.

మరి ఆ ఆజ్ఞలు ఇచ్చే చోటికి దొంగ చేరితే?

2015 డిసెంబరు 23న ఉక్రెయిన్ దేశంలో అంత పనీ జరిగింది. విద్యుత్ కంపెనీ ఉద్యోగులు చూస్తుండగానే కంప్యూటరు తెరమీది బాణం గుర్తు దానంతటది కదిలి, ఒక్కొక్క సబ్‌స్టేషనులో కరెంటు ఆపేసింది. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. చివరకు మనుషులు సబ్‌స్టేషన్లకు పరుగెత్తి, చేతులతో స్విచ్చిలు వేశారు. ఇంతకూ దొంగలు ఎలా దూరారు? నెలల ముందే ఎవరో ఉద్యోగి నమ్మి తెరిచిన ఒక ఈమెయిలు ద్వారా!

మనకూ ఇటువంటి బెడద తప్పలేదు. మన ఉత్తర తెలంగాణకు కరెంటు పంచే కంపెనీ వెబ్‌సైటును 2019లో దొంగలు స్తంభింపజేశారు. అదృష్టవశాత్తు అది బిల్లుల వ్యవహారం చూసే వైపు. కరెంటు నడిపే వైపు కాదు. ఈ రెంటికీ మధ్య గోడ వుండాలి. ఆ గోడను కాపాడటమే మన కాపలాదారుల మొదటి పని. వీరినే సైబర్ సెక్యూరిటీ అనలిస్టులంటారు.

ఊరి తలారికి ఊళ్ళో ప్రతి మొహమూ తెలుసు గదా! అలాగే ఏ యంత్రం దేనితో, ఏ వేళ, ఏం మాట్లాడుతుందో వీరికి తెలుసు. అర్ధరాత్రి కొత్త గొంతు వినబడితే వెంటనే పసిగడతారు. కాని యంత్రాన్ని చటుక్కున ఆపెయ్యరు. ఎందుకని? దొంగ ఆర్పుతాడేమోనని మన దీపం మనమే ఆర్పుకున్నట్టవుతుంది! ఆసుపత్రిలో రోగి మాటేమిటి? పొలంలో మోటారు మాటేమిటి? అందుచేత ఇంజనీర్లతో ఆలోచించి, కొత్త గొంతు వచ్చే దారిని మాత్రమే మూస్తారు. అందుకు కంప్యూటరు విద్య ఒక్కటే చాలదు, యంత్రాల సంగతీ తెలియాలి.

వీరు చక్కగా పనిచేసిన రాత్రి చెప్పుకోవటానికి ఏమీ వుండదు. దీపం వెలుగుతూనే వుంటుంది, మీరు చదువుకుంటూనే వుంటారు.

మీరూ ఈ కాపలాలో చేరవచ్చు. ముక్కూమొహం తెలియనివారు పంపినదాన్ని తెరవకండి. మీ పాస్‌వర్డును ప్రాణస్నేహితుడికైనా చెప్పకండి!