చువ్వలు పంపాలా, ఖనిజం పంపాలా?

సర్వరులో పేజీని పూర్తిగా తయారుచేసి పంపే పద్ధతి పాతబడిందనీ, ఖాళీ మూసనూ ముడి సమాచారాన్నీ విడివిడిగా పంపి, పాఠకుని బ్రౌజరులోనే పేజీని కూర్చడం మేలనీ వెబ్ నిర్మాణంలో ఉన్న మిత్రులు తరచు అంటూంటారు. ఆ మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. మిగిలిన సగం గురించే ఈ టపా.

ఉక్కునగరవాసిని కనుక ఉపమానం కూడా ఇక్కడిదే. బైలదిల్లా ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీదుగా మా కర్మాగారానికి వస్తుంది. ఇక్కడ కరిగి, పోతపోసుకుని, చువ్వలుగా, తీగచుట్టలుగా సాగి బయటికి వెళుతుంది. ఇల్లు కట్టుకునేవారికి కావలసింది చువ్వ. వారి వాకిట్లో ఒక బండి ఖనిజం, ఒక బండి బొగ్గు, ఒక కొలిమి దింపి, "కరిగించుకోండి, మా కర్మాగారానికి శ్రమ తగ్గుతుంది" అంటే ఎలా ఉంటుంది? సర్వరుకు భారం తగ్గిందన్న వాదన నాకు అలాగే వినిపిస్తుంది. భారం తగ్గలేదు, చేతులు మారింది. చవక ఫోను కొనుక్కున్న పాఠకుని బ్యాటరీ మీదికి వచ్చి పడింది.

అలాగని పాఠకుని యంత్రానికి పని అప్పగించడమే తప్పని నేను అనను. తెలుగు అంతర్జాలం బతికి బట్టకట్టింది ఆ పనివల్లనే. "ఉక్కునగరం" అన్న మాటనే తీసుకోండి. కంటికి 5 అక్షరాలు. యూనికోడులో 9 సంకేతాలు. యూటీఎఫ్-8లో 27 బైట్లు. సర్వరు పంపేది ఆ 27 బైట్లనే. ఒక కకారం కింద మరొకదాన్ని వత్తుగా చేర్చి, కొమ్ము తగిలించే పని మన యంత్రానిదే. అంతకుముందు పత్రికలు ఎవరి ఫాంటు వారు పెట్టుకుని, అక్షరాలకు బదులు అక్షరాల ముక్కలను పంపేవి. ఆ ఫాంటు లేనివారికి దక్కేది పిచ్చిగీతలే. వెతికితే ఒక్క మాటా దొరికేది కాదు. ఆ చిక్కును బ్రౌజరులోనే విడదీసి, యూనికోడుగా మార్చి చూపింది పద్మ. మనకు రాత నేర్పిన లేఖిని కూడా బ్రౌజరులోనే పనిచేస్తుంది.

అయితే ఒక భేదం ఉంది. యూనికోడు పేజీలో పాఠం పూర్తిగా మన దగ్గరికి వస్తుంది. రూపం మాత్రమే ఇక్కడ ఏర్పడుతుంది. కొత్త మూసల పద్ధతిలో పాఠమే రాదు. ముందు ఖాళీ చట్రం వస్తుంది, వెనుక జావాస్క్రిప్టు వస్తుంది, అది మళ్ళీ సర్వరు దగ్గరికి వెళ్ళి పాఠాన్ని అడిగి తెస్తుంది. నడుమ ఏ ఒక్క అడుగు తడబడినా పాఠకునికి మిగిలేది తెల్లకాగితం.

2011లో బ్లాగరు డైనమిక్ వ్యూస్ పెట్టినప్పుడు మనలో కొందరు ముచ్చటపడ్డారు. నాలుగు పంక్తుల కవితకోసం వెళ్ళినవారు ముందుగా తిరిగే పళ్ళచక్రాలను దర్శించుకోవలసి వచ్చేది. 2010లో పేజీ కూర్పును బ్రౌజరుకు అప్పగించిన ట్విట్టరు, 2012లో దాన్ని తిరిగి సర్వరుకు తెచ్చుకుని, తొలి పేజీ తెరుచుకునే సమయం అయిదో వంతుకు తగ్గిందని ప్రకటించింది. తరువాతి ఏళ్ళలో ఆ సంస్థ మళ్ళీ బ్రౌజరు వైపే మొగ్గింది. క్షణక్షణం మారే సంభాషణకు అది సరిపోవచ్చు. కథకు, వ్యాసానికి ఆ హడావిడి ఎందుకు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకిన తరువాతి రోజుల్లో నెట్‌వర్కు దారప్పోగులా మిగిలింది. ఆ పోగు మీదుగా సాదా పేజీ ఆలస్యంగానైనా తెరుచుకునేది. స్క్రిప్టు మీద ఆధారపడ్డది తిరుగుతూనే ఉండేది. సమాచారం అత్యవసరమైన వేళ ఈ తేడా చిన్నది కాదు.

నన్ను ఇంతకంటె కలవరపెట్టేది రేపటి సంగతి. 2009లో యాహూ జియోసిటీస్‌ను మూసివేసినప్పుడు స్వచ్ఛంద కార్యకర్తలు ఎన్నో పేజీలను దింపుకుని దాచగలిగారు. దింపుకున్న పేజీలోనే పాఠం ఉంది కనుక అది సాధ్యమైంది. స్క్రిప్టుతో పుట్టే పేజీ అలా దాచినప్పుడు తరచు డొల్లగానే మిగులుతుంది. అడిగి తెచ్చే సర్వరు లేనినాడు అడగడానికి ఏమీ ఉండదు. ఉచిత వసతుల మీద బతికే తెలుగు రాతలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. తాళపత్రానికి చెద పడితే ముక్కయినా మిగులుతుంది. దీనికి ఆ ముక్క కూడా మిగలదు.

కనుక నా సూత్రం ఇది: చేతితో పనిచేసుకునేది బ్రౌజరులో కూర్చండి, కంటితో చదివేది సర్వరులోనే వండి పంపండి. ఉత్తరాల పెట్టె, పటం, లేఖిని మొదటి కోవకు చెందుతాయి. కథ, కవిత, వార్త, ప్రభుత్వ ప్రకటన రెండో కోవవి.

ఒక చిన్న పరీక్ష. మీ బ్రౌజరులో జావాస్క్రిప్టును ఆపి మీ బ్లాగును తెరవండి. మీ పాఠం కనిపిస్తే నిశ్చింతగా ఉండండి. కనిపించకపోతే ఈ రాత్రికే మూస మార్చండి. నా వాదంలో లోపమేదైనా తోస్తే వ్యాఖ్యల్లో నిర్మొహమాటంగా చెప్పండి. ముఖ్యంగా ఆ వృత్తిలో ఉన్న మిత్రులు ఏమంటారో వినాలని ఉంది.