కోట మట్టికి కాపలా ఏదీ?

చీరాల: చరిత్రాత్మక కోటల వద్ద రహదారులు, మెట్లు, మరుగుదొడ్లు, విద్యుత్ స్తంభాల పనులు చేపట్టినప్పుడల్లా చర్చ అంతా నిధుల చుట్టూనే సాగుతుంది. గునపం దిగిన చోట బయటపడే మట్టిని ఎవరు పరిశీలిస్తున్నారన్న ప్రశ్న మరుగున పడుతుంది. కొండవీడు మొదలు మోటుపల్లి వరకు ఈ ప్రాంత చరిత్రలో అధిక భాగం ఇంకా నేలలోనే ఉంది. ఒకసారి చెదిరిన పొరను ఎన్ని కోట్లు వెచ్చించినా తిరిగి పేర్చడం అసాధ్యం.

పొరల్లోనే సాక్ష్యం

రెడ్డిరాజుల రాజధానిగా వెలిగిన కొండవీడు ఆపై గజపతుల వశమైంది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దానిని జయించారు. అనంతరం గోల్కొండ కుతుబ్‌షాహీలు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు వరుసగా ఏలారు. ఒక్కో పాలన నేలలో ఒక్కో పొరను మిగిల్చింది. పెంకు ముక్క గానీ, కాలిన బూడిద గానీ ఏ పొరలో, ఎంత లోతున దొరికిందన్న దానిని బట్టే కాలనిర్ణయం జరుగుతుంది. పొరలు కలిసిపోతే ఆ పెంకు సాక్ష్యానికి పనికిరాదు. ఘాట్ రోడ్డు వచ్చాక కొండపైకి వాహనాలు చేరుతున్నాయి. సందర్శకులు పెరిగే కొద్దీ మురుగు కాలువలు, నీటి గొట్టాలు, తీగల కోసం తవ్వకాలు తప్పవు. చిన్న పనులేనన్న భావనతో వీటిపై ఎవరూ దృష్టి పెట్టకపోవడంలోనే ప్రమాదం ఉంది.

భట్టిప్రోలు నేర్పిన పాఠం

నిర్లక్ష్యానికి మూల్యం ఎంతో బాపట్ల జిల్లాకు తెలియనిది కాదు. 19వ శతాబ్దిలో రహదారి, కాలువ పనుల కోసం భట్టిప్రోలు బౌద్ధ స్తూపం ఇటుకలను, పాలరాళ్లను తరలించారు. కొన్ని రాళ్లు వెల్లటూరు వద్ద కాలువ తూము నిర్మాణంలో కలిసిపోయాయి. అంత విధ్వంసం తరువాత కూడా 1892లో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాల్లో స్తూప గర్భం నుంచి మూడు ధాతు పేటికలు వెలుగుచూశాయి. వాటిపై ఉన్న బ్రాహ్మీ అక్షరాలు దక్షిణాది లిపుల చరిత్రకు ఆధారమయ్యాయి. ఇటుకల కోసం తవ్విన పలుగు ఇంకాస్త లోతుకు దిగి ఉంటే ఆ అక్షరాలూ రహదారి కింద కంకరలో కలిసిపోయేవి.

పర్యవేక్షణ అంటే ఇదీ

పని ఆపడం పర్యవేక్షణ ఉద్దేశం కాదు. తవ్వే యంత్రం పక్కనే పురావస్తు నిపుణుడు నిలబడతాడు. పళ్లు లేని బకెట్‌తో మట్టిని పలుచటి పొరలుగా గీకిస్తాడు. గోడ పునాదో, ఇటుకల వరుసో కనిపిస్తే అక్కడి వరకే పని ఆపి ఫొటోలు తీసి, కొలతలు, లోతు నమోదు చేస్తాడు. దొరికిన ప్రతి వస్తువుకూ చీటీ కడతాడు. అవసరమైతే గొట్టం దారిని కొద్దిగా మళ్లిస్తారు. చివరకు నివేదిక సమర్పిస్తారు. ఇంగ్లండులో 1990 నాటి ప్రణాళికా మార్గదర్శకాల తరువాత ఈ ఖర్చును నిర్మాణదారే భరించడం ఆనవాయితీగా మారింది.

చట్టాలకు కొదవలేదు

కేంద్ర రక్షిత కట్టడాలకు 1958 నాటి చట్టం ఉంది. 2010 సవరణతో కట్టడానికి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతంగాను, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతంగాను నిర్ణయించారు. రాష్ట్ర రక్షిత కట్టడాలకు 1960 నాటి చట్టం వర్తిస్తుంది. నేలలో నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే నిర్దేశించింది. అయితే రక్షిత జాబితాకు ఎక్కని దిబ్బల మాటేమిటన్నదే అసలు చిక్కు. పల్లెల్లో పాటిమన్నును ఎరువుగా పొలాలకు తోలుకోవడం తరతరాల అలవాటు. ఒకప్పుడు బండ్లతో తోలిన మట్టిని నేడు యంత్రాలు గంటల్లో ఎత్తేస్తున్నాయి.

మోటుపల్లి మాటేమిటి?

కాకతీయ గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయశాసనం ప్రకటించిన రేవు మోటుపల్లి. ఓడ మునిగినా సరుకు వర్తకునికే చెందుతుందని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని అందులో హామీ ఇచ్చారు. ఆ శాసన స్తంభం ఉన్న వీరభద్రాలయం అందరికీ కనిపిస్తుంది. ఆనాటి గిడ్డంగులు, వర్తకుల ఇళ్ల ఆనవాళ్లు ఉంటే గింటే నేలలోనే ఉండాలి. రొయ్యల చెరువులు, రహదారులు విస్తరిస్తున్న ఈ తీరంలో తవ్వేముందు ఒకసారి చూడాల్సిన అవసరం ఎంతైనా ఉంది.

భయం పోవాలి

పాత వస్తువు దొరికిందని చెబితే పొలం పోతుందేమోనని రైతు, గడువు మీరి బిల్లు ఆగుతుందని గుత్తేదారు, కూలి పోతుందని పనివాడు జంకుతారు. ఈ భయమే చరిత్రను మట్టిపాలు చేస్తోంది. అంచనాల్లోనే పర్యవేక్షణకు కొంత మొత్తం, కొన్ని రోజులు కేటాయిస్తే ముగ్గురికీ ఊరట లభిస్తుంది. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగే లోయను 1954 నుంచి 1960 వరకు తవ్వి, బయల్పడిన సంపదను కొండపైకి చేర్చారు. ఆనకట్టా పూర్తయింది, చరిత్రా దక్కింది. అంతటి ప్రాజెక్టుకు సాధ్యమైనది కోటలో మురుగు కాలువకు సాధ్యం కాదనడం సబబు కాదు.