ఎం.పి.సి. చదివిన బిడ్డ ‘ఆర్ట్స్ కాలేజీ’కా?

ఈ నెల ఒక తల్లి రాసిన జాబు మా ముందుకు వచ్చింది. ఆమె కూతురు ఇంటర్మీడియట్ ఎం.పి.సి. రెండో సంవత్సరం చదువుతోంది. లెక్కలంటే ఆ అమ్మాయికి ప్రాణం. ఇంజనీరింగ్ వద్దని, అమెరికాలోని లిబరల్ ఆర్ట్స్ కళాశాలలో గణితం చదువుతానని పట్టుబట్టింది. “ఎం.పి.సి. చదివించింది ఆర్ట్స్ కాలేజీకి పంపడానికా?” అని తండ్రి ఆగ్రహించారట. వారం రోజులుగా ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. ఏం చేయమంటారని ఆ సోదరి అడుగుతున్నారు.

ముందుగా పేరు తెచ్చిన అపార్థాన్ని తొలగించుకుందాం. ఇక్కడ ‘ఆర్ట్స్’ అన్నది మనం అనుకునే ఆర్ట్స్ గ్రూపు కాదు. మధ్యయుగపు ఐరోపా విద్యాలయాల్లో ఏడు విద్యలను ఆ పేరుతో వ్యవహరించేవారు. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం మొదటి మూడు. అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం తక్కిన నాలుగు. గణితానికి ఆ ఇంట్లో మొదటి నుంచీ పీట ఉంది.

విలియమ్స్, స్వార్త్‌మోర్, ఆమ్‌హర్స్ట్, పొమోనా వంటి ఈ కళాశాలలు చిన్నవి. ఒక్కొక్క దానిలో విద్యార్థులు రెండు వేలకు అటూ ఇటూ ఉంటారు. డిగ్రీ నాలుగేళ్లు. చదవవలసిన సుమారు 32 కోర్సులలో మూడోవంతు గణితం. మిగిలినవి చరిత్ర, సాహిత్యం, జీవశాస్త్రం, మరో భాష వంటివి. ప్రధాన విషయాన్ని రెండో ఏడు ముగిసేలోగా ఎంచుకోవచ్చు. పై తరగతుల విద్యార్థులు దాదాపు ఉండరు గనుక ఆచార్యులే స్వయంగా పాఠం చెబుతారు, విద్యార్థి రాసినది దిద్దుతారు.

అక్కడి గణితం మన ఇంటర్ గణితానికి కొనసాగింపు అనుకుంటే పొరపాటు. మన పిల్లలు సూత్రం పట్టుకుని వేగంగా జవాబు రాబట్టడంలో దిట్టలు. అక్కడ జవాబు ఎందుకు సరైనదో నిరూపించాలి. రెండు బేసి సంఖ్యలను కూడితే సరిసంఖ్య వస్తుందని అందరికీ తెలుసు. మూడూ అయిదూ ఎనిమిది, ఏడూ తొమ్మిదీ పదహారు అంటూ వెయ్యి ఉదాహరణలు చూపినా అది నిరూపణ కాజాలదు. ప్రతి బేసి సంఖ్యా కొన్ని జతలు, పైన ఒకటి. రెండు బేసి సంఖ్యలు కలిసినప్పుడు మిగిలిన ఆ రెండు ఒకట్లూ కలిసి మరో జత అవుతాయి. ఇక ఒంటరిది లేదు. ఈ మాట అన్ని బేసి సంఖ్యలకూ ఒకేసారి వర్తిస్తుంది. ఇలా ఆలోచించడమే ఆ నాలుగేళ్ల సాధన.

విలియమ్స్‌లో ‘ట్యుటోరియల్’ అనే పద్ధతి ఉంది. ఇద్దరు విద్యార్థులు, ఒక ఆచార్యుడు. వారానికొకసారి ఒకరు తమ పని వివరిస్తే రెండోవారు దానిని పరీక్షిస్తారు. వెనుక బెంచీలో దాక్కునే వీలుండదు. స్వార్త్‌మోర్‌లో 1922 నుంచి ఆనర్స్ విద్యార్థులను బయటి నుంచి వచ్చిన పండితులు పరీక్షిస్తున్నారు.

ఆడపిల్లకు గణితమేమిటని ఎవరైనా అంటే బ్రిన్‌మార్ మహిళా కళాశాలను చూపవచ్చు. 1885లో దాని గణిత శాఖకు తొలి అధిపతి షార్లెట్ స్కాట్ అనే మహిళ. నాజీలు ఉద్యోగం నుంచి తొలగించిన మహా గణితవేత్త ఎమ్మీ నోథర్ 1933లో ఆశ్రయం పొందినదీ, 1935లో కన్నుమూసే వరకు బోధించినదీ అక్కడే. ఉపాధి గురించి బెంగపడే తండ్రులకు మరో పేరు: ఇంటెల్ సంస్థాపకులలో ఒకరైన రాబర్ట్ నోయిస్ 1949లో గ్రిన్నెల్ అనే ఇటువంటి చిన్న కళాశాలలోనే గణితం, భౌతికశాస్త్రం చదివి బయటికి వచ్చారు.

ఇబ్బందులనూ దాచకూడదు. చురుకైన విద్యార్థి మూడేళ్లలో అక్కడున్న గణిత కోర్సులన్నీ ముగించవచ్చు. పై స్థాయి పాఠాలకు పొరుగు విశ్వవిద్యాలయం వైపు చూడాలి. ప్రభుత్వ నిధులతో నడిచే వేసవి పరిశోధన శిబిరాల భృతి సాధారణంగా ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకే. ఖర్చు ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతోంది. ఆమ్‌హర్స్ట్ వంటి కొన్ని కళాశాలలు విదేశీ విద్యార్థి ఆర్థిక స్థితి చూడకుండా ప్రవేశమిచ్చి, అవసరమైనంత సహాయం చేస్తాయి. కాని అక్కడ సీటు దొరకడం బహు కష్టం. ఆ సహాయం లభిస్తేనే వెళ్లాలి. వడ్డీ అప్పు మెడకు తగిలించుకుని వెళ్లవలసిన చదువు కాదిది.

ఇల్లు దాటి అంత దూరం పంపలేనివారికి దగ్గరి దారులున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో క్రియా, హర్యానాలోని సోనీపత్‌లో అశోకా విశ్వవిద్యాలయాలు ఇదే పద్ధతిలో గణితం బోధిస్తున్నాయి. గణితం ఒక్కటే లోతుగా కావాలంటే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉండనే ఉంది.

సోదరీ, మీ ఇంట మౌనం వీడడానికి ఒక మార్గం చెబుతాం. మీ అమ్మాయికి ప్రధాన సంఖ్యలకు అంతు లేదని నిరూపించమని చెప్పండి. పుస్తకం, ఫోను పక్కన పెట్టమనండి. రెండు రోజుల తరువాత తాను కనుగొన్నది అబ్బాకు వివరించమనండి. దారి తప్పినా సరే. ఎవరూ చెప్పకుండా మళ్లీ మళ్లీ ఆ కాగితం దగ్గరికే వెళుతుంటే ఆమె కోరిక నిజమైనది. విసుగుతో పక్కన పెట్టేస్తే ఆమెకు నచ్చినవి మార్కులే కావచ్చు, ఆ సంగతి ఇప్పుడే తెలియడం మేలు. ఎటు తేలినా, ఆ రెండు రోజుల తరువాత తండ్రీకూతుళ్లు ఒకే కాగితం ముందు కూర్చుంటారు. నిర్ణయం అక్కడ మొదలు కానివ్వండి.