కుళాయి వచ్చింది సరే, వాడిన నీళ్లు ఎటు పోవాలి?



జల్, జంగల్, జమీన్ అంటూ పెరిగినోళ్లం మనం. కానీ జల్ అనగానే ఊరికి వచ్చే నీళ్ల గురించే మాట్లాడతాం. ఊర్లోంచి బయటికి పోయే నీళ్ల గురించి గ్రామసభలో ఎన్నిసార్లు మాట్లాడాం?

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంటుంది. 40 గడపల గూడెం, 200 మంది అనుకుందాం. రోజుకు 11,000 లీటర్లు. వాడాక అందులో దాదాపు మూడింట రెండొంతులు మురుగుగా బయటికొస్తుంది. అంటే 7,000 లీటర్ల పైమాటే. కుళాయి రాని గూడేలు ఇంకా ఉన్నాయి, వాటి కోసం కొట్లాట ఆగదు. కానీ కుళాయి వచ్చిన చాలా చోట్ల పైపు వేసినోళ్లు ఈ 7,000 లీటర్ల దారి చూడలేదు.

ఆ నీళ్లు బోరింగ్ చుట్టూ, గుమ్మాల ముందు నిలుస్తాయి. బోదకాలు మోసే క్యూలెక్స్ దోమకి అలాంటి మురుగే ఇల్లు. కొండ వాలు గూడెమైతే మురుగు జారి గెడ్డలో కలుస్తుంది. ఆ గెడ్డ నీళ్లే కింద గూడెం వాళ్లు తాగుతారు. చివరికి "వీళ్లకి శుభ్రత తెలీదు" అనే మాట మాత్రం మనమే పడాలి!

దీనికి పెద్ద ప్లాంటు అక్కర్లేదు. స్నానం, వంట, బట్టల నీళ్లకి ఇంటికో ఇంకుడు గుంత చాలు. మీటరు వెడల్పు, మీటరు లోతు తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, పైన చిన్న రాళ్లు వేయాలి. మట్టి, జిడ్డు ఆగడానికి ముందు చిన్న తొట్టి పెట్టి, దాన్ని తరచూ కడగాలి. బోరింగ్ పక్కన, ఊటకి ఎగువన తవ్వొద్దు. రాతి నేలలో గుంత ఇంకదు, అక్కడ నీళ్లని పెరట్లో అరటికి, చేమకి మళ్లించాలి. మరుగుదొడ్డి నీళ్లు మాత్రం ఇందులో కలపకూడదు, వాటి గుంతలు వేరు.

మరి డబ్బులు? 2020లో ఆమోదం పొందిన స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో, 5,000 లోపు జనాభా ఉన్న ఊళ్లలో మురుగునీటి పనులకి తలకి 280 రూపాయల దాకా లెక్క కట్టారు. మన 200 మంది గూడేనికి అది 56,000 రూపాయలు. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకి ఇచ్చిన నిధుల్లో 30 శాతం పారిశుధ్యానికే కట్టేసి ఇచ్చింది. డబ్బు లేదనే జవాబు అంత తేలిగ్గా నమ్మొద్దు.

మన చేతిలో 1996 పెసా చట్టం ఉంది. ఆ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం గూడెం కూడా గ్రామమే, దానికి గ్రామసభ ఉండొచ్చు. పనులు మొదలయ్యే ముందు ప్రణాళికని గ్రామసభ ఆమోదించాలి. ఖర్చయ్యాక, నిధులు సరిగా వాడారని పంచాయతీ గ్రామసభ దగ్గరే ధ్రువీకరణ తీసుకోవాలి. అంటే పంచాయతీ కేంద్రంలో కాలువ కట్టి, మన గూడేనికీ కట్టినట్టు రాస్తే, కాదనే హక్కు మనదే.

కాబట్టి చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వచ్చే గ్రామసభలో మూడు అడగండి. మన గూడెం మురుగుకి ప్రణాళిక ఏది? ఎంత డబ్బు వచ్చింది? ఎక్కడ ఖర్చు పెట్టారు? పెద్దోళ్లకి రిజిస్టర్ చదివి వినిపించండి. పని కళ్లతో చూడకుండా ఒక్క సంతకం, ఒక్క వేలిముద్ర కూడా పడనివ్వకండి.

జై ఆదివాసీ!