పసివాళ్ల బేరం - పెద్దల మౌనం

ప్రళయదినాన ముగ్గురికి అల్లాహ్ స్వయంగా ప్రత్యర్థిగా నిలుస్తాడని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) హెచ్చరించారు. దేవుని పేర మాట ఇచ్చి ద్రోహం చేసినవాడు మొదటివాడు. స్వతంత్రుడైన మనిషిని అమ్మి ఆ సొమ్ము తిన్నవాడు రెండోవాడు. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడు మూడోవాడు. సహీహ్ బుఖారీలో నమోదైన ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. ఈ మూడు పాపాలూ ఒక్కచోట చేరే వ్యాపారం మాత్రం మన మొహల్లాల్లోనే సాగింది.

నికాహ్ అల్లాహ్ పేర జరిగే ఒప్పందం. 1991లో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళుతున్న విమానంలో పది పదకొండేళ్ల బాలిక ఏడుస్తూ కనిపించింది. పక్కన కూర్చున్నది అరవై ఏళ్ల అరబ్బు 'భర్త'. ఎందుకేడుస్తున్నావని విమాన పరిచారిక ఒకామె అడగబట్టి ఆ పిల్ల బయటపడింది. అంతకు ముందు ఆ నికాహ్‌కు సాక్షులున్నారు, ఇరుగుపొరుగు ఉన్నారు. వారిలో ఎవరూ దాన్ని ఆపలేదు. 2017 సెప్టెంబరులో అదే నగరంలో ఇలాంటి పెళ్లిళ్ల కేసులో ఒమన్, ఖతర్ దేశస్థులతో పాటు ఖాజీలు కూడా అరెస్టయ్యారు. తన ఇష్టానికి విరుద్ధంగా తండ్రి చేసిన పెళ్లిపై హజ్రత్ ఖన్సా (రజి) ఫిర్యాదు చేస్తే, దైవప్రవక్త (సఅసం) ఆ నికాహ్‌నే రద్దు చేశారు. ఇష్టమంటే ఏమిటో కూడా తెలియని పసిదాన్ని అప్పగించేవారు ఏ షరీఅత్‌ను చూపగలరు?

ఇక కూలి సంగతి. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి రెండు వందలకు పైగా పిల్లలను పోలీసులు విడిపించారు. వారిలో అత్యధికులు బీహారు పిల్లలు. పండుగకు కొనుక్కునే గాజుల వెనుక ఇలాంటి చెర ఉండవచ్చునని మనలో ఎంతమందికి తట్టింది?

ఈ వ్యాపారం అడవుల్లో జరగదు. కార్ఖానాకు గది అద్దెకిచ్చే ఇంటి యజమాని ఉంటాడు. రోజూ చాయ్ అందించే కుర్రవాడు ఉంటాడు. నికాహ్‌నామాపై సంతకం చేసే సాక్షి ఉంటాడు. వీరిలో ఒక్కరు అడిగినా బేరం చెడుతుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని, పద్దెనిమిదేళ్లలోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోవడాన్ని 2016 సవరణతో చట్టం నిషేధించింది. లైంగిక దోపిడీ తెలిసీ చెప్పకపోవడం 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. అనుమానం కలిగితే రుజువుల కోసం ఆగనక్కర్లేదు. 1098కి ఫోను చేస్తే చాలు. రాత్రింబవళ్లు పలుకుతుంది, ఖర్చు లేదు.

సముదాయం పరువు పోతుందని కప్పిపుచ్చే వారున్నారు. పిల్ల అమ్ముడుపోయిన నాడే ఆ పరువు పోయింది. పేదపిల్ల, ఎక్కడో ఒకచోట రెండు పూటలా తింటుందిలే అనేవారూ ఉన్నారు. అలా అనే ముందు తమ బిడ్డను ఆ స్థానంలో ఊహించుకోవాలి.

విడిపించడంతో బాధ్యత తీరదు. అప్పు తీరని ఇంటికి తిరిగి వెళ్లిన పిల్లవాడిని దళారి మళ్లీ వెతుక్కుంటూ వస్తాడు. అప్పులపాలైన వారిని దివ్యఖుర్ఆన్ జకాత్ హక్కుదారుల్లో చేర్చింది. మస్జిద్ కమిటీ తన మొహల్లాలో బడి మానేసిన పిల్లల జాబితా రాసుకుని, ఆ ఇళ్ల అప్పులకు జకాత్ చేర్చాలి. తెలంగాణలో 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలలో చదువు, భోజనం, వసతి ఉచితం. ఆ దరఖాస్తు నింపిపెట్టడం చదువుకున్న ప్రతి యువకుడూ చేయగల పని. వయసు ధ్రువపత్రం చూడనిదే నికాహ్ చదివించనని ఖాజీ, సంతకం పెట్టనని సాక్షి గట్టిగా నిలబడాలి.

ఖతీబులు నేటి ఖుత్బాలో ఈ మాట చెప్పాలి. నమాజు ముగించి ఇంటికి వెళ్లే దారిలో మనం ఒక్కసారి వీధిని పరికించి చూడాలి. తలుపులు మూసిన గది వెనుక ఏ పసిగొంతు మూలుగుతోందో విని, కదలగల మనసును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.