ఆపరేషన్ ఉచితమే.. మరి మాటలు?

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) పుణ్యమా అని, లక్షలు పలికే కాక్లియర్ ఇంప్లాంట్ పేదింటి పిల్లలకూ అందుతోంది. అయితే పుట్టుచెవుడున్న బిడ్డకు రెండు, మూడేళ్లలోపే చేయిస్తే మాటలు బాగా వస్తాయి. స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకోవడం ఎవరి నమ్మకం వారిది, ఆ ముందే పరీక్ష మాత్రం చేయించాలి.

అసలు పని ఆపరేషన్ తర్వాతే. పరికరం శబ్దాన్నిస్తుంది, మాటనివ్వదు. మ్యాపింగ్‌కు పదేపదే వెళ్లాలి, మాటల శిక్షణ ఏళ్లతరబడి సాగాలి. మైపాడు, కృష్ణపట్నం వైపు కూలికో వేటకో పోయే ఇంట్లో ఒక్కో ప్రయాణం అంటే ఆ రోజు సంపాదన పోయినట్టే. పైగా చెమట, తేమ ప్రాసెసర్‌కు పడవు. సముద్రగాలి తగిలే ఊళ్లలో రోజూ రాత్రి దాన్ని తేమ పీల్చే డబ్బాలో పెట్టాల్సిందే.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. ఇంట్లో ఉర్దూ, శిక్షణేమో తెలుగులో. ‘ఒక్క భాషే మాట్లాడండి’ అన్న మాట విని, అమ్మీ తనకు సరిగా రాని తెలుగులో ముక్తసరిగా మాట్లాడితే బిడ్డకే నష్టం. ఇంప్లాంటుతో రెండు భాషలూ నేర్చిన పిల్లలున్నారు. ‘ఇధర్ ఆ బేటా’ అంటూ రోజంతా పలకరించడమూ శిక్షణే. నెల్లూరు, కావలి లాంటి చోట్ల శిక్షణలో ఉర్దూ తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉండాలని అధికారులను అడగాల్సింది మనవాళ్లే.