సావిత్రి కన్నీళ్లు చూశాం, రియాజ్ చూడలేదు



మొన్న ఆదివారం మా ఇంట్లో ‘మహానటి’ మళ్లీ పెట్టారు. అమ్మీ, నా బీవీ, పిల్లలు, కింది వాటాలో ఉండే ఖాలా, అందరూ కూర్చున్నారు. దాదాపు మూడు గంటల సినిమా. అయిపోయేసరికి అమ్మీ కొంగు తడిసిపోయింది. ఖాలా మాత్రం ఒక్క మాట అని లేచింది: “ఎంత పెద్ద ఆర్టిస్టయితే ఏం లాభం బేటా, తాగి తాగి పోయింది కదా పాపం.”

ఆ సినిమాతో నాకున్న షికాయత్ అంతా ఆ మాటలోనే ఉంది. ఖాలా తప్పేం లేదు. మూడు గంటలు చూశాక ఆమె చేతికి మిగిలింది అదే.

తారీఫ్ చేయాల్సింది చేసేస్తాను, లేకపోతే బేఇన్సాఫీ అవుతుంది. 2018 మేలో నాగ్ అశ్విన్ తీసిన ఈ సినిమాలో కీర్తి సురేష్ నిజంగా కష్టపడింది. ఆమెకు జాతీయ అవార్డు వచ్చింది, ఉత్తమ తెలుగు చిత్రం అవార్డూ దీనికే వచ్చింది. సావిత్రి పేరు తెలియని పిల్లలు ఆ తర్వాత ‘మాయాబజార్’ వెతుక్కుని చూశారు. ఇదేం చిన్న ఖిద్మత్ కాదు. అయినా నాకు మాయూసీయే మిగిలింది. ఎందుకో చెబుతాను.

అందులో అందరూ చప్పట్లు కొట్టిన సీన్ ఒకటి ఉంది. దర్శకుడు కె.వి.రెడ్డి గ్లిజరిన్ లేకుండా, ఎడమ కంటి నుంచి రెండే చుక్కలు కావాలంటాడు. కెమెరా తిరుగుతుంది, రెండే చుక్కలు రాలతాయి. హాల్లో ఈలలు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే అనిపించింది, ఇది హునర్ కాదు, కరామత్. వలీలకు జరిగినట్టు జరిగిపోయింది. ఆ చుక్కల వెనక ఎన్నేళ్ల రియాజ్ ఉందో మనకు చెప్పలేదు. అసలు ‘మాయాబజార్’ తీసుకోండి. 1957లో వచ్చింది. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నడుస్తుంటే మనకు ఎస్వీ రంగారావే కనిపిస్తాడు. భుజాలు, చూపు, మీసం లేని చోట మీసం ఉన్నట్టు ఆ దర్జా! మరుక్షణం మళ్లీ ఆడపిల్ల. ఆ నడక ఆమె ఎలా పట్టుకుంది? ఒక ఫన్‌కార్ జిందగీ మీద సినిమా తీసేవాళ్లు ముందు అడగాల్సిన సవాల్ అదే. వీళ్లు ఆ నడకను మళ్లీ చేసి చూపించారు, ఎలా వచ్చిందో చూపలేదు.

మరి ఆ మూడు గంటలూ ఎక్కడికి పోయాయి? ఇష్క్‌కు, బేవఫాయీకి, షరాబుకు. జెమినీ గణేశన్ వచ్చాక కథ ఆయన చుట్టూ తిరుగుతుంది. ఆమెకు మందు అలవాటు చేసింది ఆయనే అన్నట్టు చూపించారు. ఆయన కూతురు కమలా సెల్వరాజ్ దానికి బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. సావిత్రి కూతురు విజయ చాముండేశ్వరి ఈ సినిమాకు సహకరించారు. ఎవరి నాన్న, ఎవరి అమ్మ, ఎవరి దర్ద్ వాళ్లది. ఆ ఇంటి ఫైసలా చెప్పడానికి నేను ఖాజీని కాదు. కానీ ఒక మనిషి పతనాన్ని ఒకే ఒక్క మగాడి ఖాతాలో రాసేస్తే చూసేవాళ్లకు చాలా సుఖం. పాపం ఆయనది, కన్నీళ్లు మనవి, టికెట్ డబ్బులు వసూల్.

1968లో సావిత్రి ‘చిన్నారి పాపలు’ డైరెక్ట్ చేసింది, ఆడవాళ్లనే జట్టుగా కట్టుకుని. ‘మూగమనసులు’ను తమిళంలో ‘ప్రాప్తం’ పేరుతో తానే తీసి, డైరెక్ట్ చేసి, 1971లో విడుదల చేసి నష్టపోయింది. ఆ రోజుల్లో ఒక స్టార్ హీరోయిన్ మెగాఫోన్ పట్టుకోవడం అంటే ఎంత హిమ్మత్! నాకైతే అసలు సినిమా అక్కడుంది. ఆమె లొకేషన్‌లో ఏం ఆర్డర్ వేసింది, ఎక్కడ లెక్క తప్పింది, డబ్బున్నప్పుడు చుట్టూ తిరిగినవాళ్లు ఎప్పుడు జారుకున్నారు? ప్రేమకథకు దక్కిన చోటులో దీనికి ఆవగింజంత దక్కింది.

ఇది మన దగ్గరి మర్జ్ మాత్రమే కాదు. అమెరికాలో బిల్లీ హాలిడే అని ఒక జాజ్ గాయని ఉండేది. నల్లజాతి ఆడపిల్ల, ఘోరమైన బచ్‌పన్, తర్వాత హెరాయిన్. 1959లో 44 ఏళ్లకే పోయింది. ఆస్పత్రి మంచం మీద ఉండగానే పోలీసులు అరెస్టు చేశారు. 1972లో డయానా రాస్‌ను పెట్టి ఆమె మీద సినిమా తీశారు. దానికి సలహాదారుగా కూర్చున్నది ఎవరో తెలుసా? ఆమె భర్తల్లో ఒకడైన లూయిస్ మెకే. తెర మీద అతను ఆమెను కాపాడే ఫరిష్తా! ఆమె గొంతుకు జోడుగా శాక్సఫోన్ ఊదిన, ఆమెకు ‘లేడీ డే’ అని పేరు పెట్టిన లెస్టర్ యంగ్ మాత్రం ఆ కథలో లేడు. సూదులున్నాయి, ఏడుపులున్నాయి, సంగీతం ఎలా పుట్టిందో లేదు. మద్రాసైనా న్యూయార్కైనా ఫార్ములా ఒకటే.

ఇదంతా నాకెందుకింత గుచ్చుకుంటుందంటే, ఖాలా నోట ఆ మాట నేను వినడం అది రెండోసారి. మొదటిసారి ఇరవై ఏళ్ల కింద, మా మామూ జనాజా లేచిన రోజు. మామూ ఆమె సొంత తమ్ముడు. గూడూరులో పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. నాయుడుపేట నుంచి, వెంకటగిరి నుంచి ఆయన కోసం మనుషులొచ్చేవాళ్లు. తాగేవాడు కూడా. పోయాక ఇంట్లో ఆయన పేరెత్తడం మానేశారు. క్లారినెట్ ఎవరికో ఇచ్చేశారు. అప్పటికే నేను పత్రికలో పనిచేస్తున్నాను. ఎంతోమంది పోయినప్పుడు వాళ్ల గొప్పతనం గురించి కాలాలకు కాలాలు రాశాను. సొంత మామూ గురించి ఒక్క లైను రాయలేదు. ఇజ్జత్ అనుకున్నాను.

మనలో చాలామంది ఇళ్లలో ఇలాంటి మామూ ఒకరుంటారు. మర్హూమ్‌ల ఐబ్ తవ్వకూడదని చిన్నప్పుడే నేర్పారు. గీబత్ ఎంత పెద్ద గునాహో మనకు తెలుసు. కానీ పర్దా వేయాల్సింది ఐబ్ మీద. మనం మనిషి మీదే వేసేస్తున్నాం. సినిమావాళ్లు ఐబ్‌ను బజార్లో పెట్టి అమ్ముకుంటారు, మనం ఐబ్‌కు భయపడి మనిషినే దాచేస్తాం. రెండు దార్లలోనూ పోయేది హునరే. అయితే సావిత్రి తాగిందని చెప్పొద్దా? చెప్పండి. జరిగింది జరిగినట్టు చెప్పండి. కానీ ఆ గ్లాసు ఎత్తిన చెయ్యి అంతకుముందు ఏమేం చేసిందో ముందు చెప్పండి.

ఆ రాత్రి కిందికెళ్లి ఖాలాను అడిగాను, “మామూ ఎప్పుడు సాధన చేసేవాడు?” అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “ఫజర్ అవగానే చెరువు కట్ట మీదికి పోయేవాడు. ఇంట్లో వాయిస్తే అబ్బా తిడతాడని. చలికాలం పెదాలు పగిలి రక్తం వచ్చేది. నేనే నెయ్యి రాసేదాన్ని.”

ఇరవై ఏళ్లలో ఆమె తమ్ముడి గురించి తాగుడు తప్ప ఇంకో మాట చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. నేను రాసి పెట్టుకున్నాను. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే, ఇంకా చెప్పగలిగే ఖాలాలు ఉండగానే అడగండి.

ఖుదా హాఫిజ్.